విగ్రహాలకు హాజరు ఎవరు వేస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం జరిగింది. మర్నాడు మీ పత్రిక జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు. బడిపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, వాళ్ల వెనక నల్లరాతి విగ్రహం. విగ్రహం పీఠం మీద ఎడమ చివర తెల్లగా నాలుగంకెలు లీలగా కనిపించాయి. మనవరాలిని పిలిచి, ఫోనులో ఆ భాగం పెద్దది చేసి చూపమన్నాను. అనుమానం లేదు, ఆ అంకెలు నా చేతిరాతే. 1989 వేసవిలో రాశాను. ముందు సన్నగా లక్కపూత, అది ఆరాక బొటనవేలి గోరంత కుంచెతో తెల్లరంగు అంకెలు, మళ్లీ పైన వార్నిష్. అలా చేస్తే రేపు అంకెలు చెరపాల్సి వచ్చినా రాయికి గాయం కాదు.

నేను ఒక ప్రభుత్వ మ్యూజియంలో 33 ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. జూనియర్ అసిస్టెంటుగా చేరి సీనియర్ అసిస్టెంటుగా 2017లో విరమణ పొందాను. ఏ మ్యూజియమో చెప్పను. చెబితే ఇప్పుడక్కడ ఉన్నవాళ్లు సంజాయిషీలు రాసుకోవాల్సి వస్తుంది, వాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు.

ఫోటో కింద వార్తలో ముఖ్య అతిథి గారి ఉపన్యాసం వేశారు. మ్యూజియాలకు సుపరిపాలన కావాలి, వ్యూహాత్మక నాయకత్వం కావాలి అన్నారట. మంచి మాటే. నా ఉద్యోగంలో చివరి పదేళ్లూ ఇలాంటి మాటలున్న సర్క్యులర్లు నేనే ఫైలు చేశాను. అయితే ఆ మాటలు మ్యూజియం గదిలోకి వచ్చేసరికి రెండు చిన్న ప్రశ్నలవుతాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? లోపల ఉండాల్సినవన్నీ ఉన్నాయా?

మొదటి ప్రశ్న సంగతి చెబుతాను. మాకు ఒక నాణేల గది ఉండేది. అందులో టేకు బీరువాలు, వాటికి డబుల్ లాక్. ఒక తాళంచెవి మ్యూజియం అధిపతి అయిన క్యూరేటరు దగ్గర, రెండోది పక్క కార్యాలయంలోని మరో అధికారి దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరవాలి. పద్ధతి మంచిదే, ఒక్కడి చేతివాటానికి అవకాశం ఉండదు. కానీ మా క్యూరేటరుకు బదిలీ అయింది. ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. రెండు జిల్లాల అవతల ఉన్న అధికారికి ఎఫ్ఏసీ ఇచ్చారు. ప్రభుత్వోద్యోగుల ఇళ్లలో ఈ మూడక్షరాలు తెలియనివాళ్లు ఉండరు. పూర్తి అదనపు బాధ్యతలు అని దానర్థం, పూర్తిగా అదనం, బాధ్యత మాత్రం అంతంత మాత్రం. ఆయన నెలకొకసారి వచ్చి జీతాల బిల్లు మీద సంతకం పెట్టి వెళ్లేవారు. ఆయన్నీ తప్పుపట్టలేను. ఆయనకు సొంత కార్యాలయం ఉంది, పైగా బీరువా తెరిస్తే లోపలివన్నీ లెక్క చూసి ఛార్జి తీసుకున్నట్టు సంతకం చేయాలి. చూడకుండా ఎందుకు చేస్తారు, చూడటానికి తీరిక ఎక్కడిది? అలా మూడేళ్లు ఆ గది తెరవలేదు.

చివరికి తెరిచిన రోజు నేను పక్కనే ఉన్నాను. సాతవాహనుల నాణేల్లో సీసంతో చేసినవి చాలా ఉంటాయి. మన తీరంలో దొరికినవాటిలో కొన్నింటి మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. అలాంటి నాణెం మా దగ్గర ఒకటి ఉండేది. వేలిగోరంత ఓడ, దాని చుట్టూ అరిగిపోయిన బ్రాహ్మీ అక్షరాలు. బడిపిల్లలకు చూపిస్తే నోళ్లు తెరిచేవాళ్లు. సొరుగు లాగాను. కాగితపు కవరు మీద నంబరు అలాగే ఉంది. కవరు వంచితే అరచేతిలో విభూతిలాంటి తెల్లపొడి, మధ్యలో పప్పుబద్దంత నల్లటి ముక్క. అలవాటు కొద్దీ ఊదాను. అది సీసం విషమని తరువాత ఒక నిపుణుడు చెప్పాడు. కొత్త కొయ్య నుంచి పుల్లటి ఆవిరి వస్తుందని, గాలి ఆడని సొరుగులో అది సీసాన్ని తినేస్తుందని కూడా ఆయనే చెప్పాడు. ఏడాదికొకసారి ఎవరైనా తెరిచి చూసి ఉంటే మొదటి తెల్లమచ్చ దగ్గరే దొరికేది. సీసం కొయ్య బీరువాలో ఉండకూడదని తెలిసిన మనిషి అధిపతిగా ఉంటే అసలు అక్కడ పెట్టేవారే కాదు. రెండు వేల ఏళ్లు మట్టిలో బతికిన నాణెం మా టేకు బీరువాలో మూడేళ్లు బతకలేదు. దొంగ రాలేదు, నిప్పు అంటలేదు. రిజిస్టరు ప్రకారం ఆ నాణెం ఇప్పటికీ ఉంది. పొడిని ఏ ఖాతాలో కొట్టివేయాలో మాకెవరికీ తెలియలేదు.

2018 సెప్టెంబరులో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో బంగారు టిఫిన్ బాక్సు పోయింది గుర్తుందా? దేశమంతా చెప్పుకున్నారు. పోలీసులు దాదాపు వారం రోజుల్లో పట్టుకున్నారు. బంగారం గనుక తెల్లవారేసరికి తెలిసింది. మట్టిపూస పోయినా, సీసపు నాణెం పొడి అయినా తెల్లవారదు.

ఇక రెండో ప్రశ్న, లెక్క. మ్యూజియానికి గుండెకాయ యాక్సెషన్ రిజిస్టరు. వస్తువు గడప దాటి లోపలికి రాగానే దానికొక నంబరు పడుతుంది. ఏమిటది, ఏ రాయి లేదా లోహం, ఎంత పొడవు, ఎంత బరువు, ఎక్కడ దొరికింది, ఎలా వచ్చింది, ఎవరు అందుకున్నారు అన్నవి వరసగా గళ్లు. పొలం దున్నుతుంటే కుండ బయటపడిందని తహసీల్దారు పంచనామా చేసి, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద పంపిస్తే, కుండ లోపలి నాణేలు ఒక్కొక్కటి తూచి రాయాలి. కొట్టివేతలు పనికిరావు. తప్పు పడితే ఎర్ర సిరాతో గీత, పక్కన అధికారి సంతకం. నేను రాసిన మూడు సంపుటాల్లో ఎర్ర గీతలు పదకొండు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు (కొంచెం గొప్ప కోసమే అనుకోండి).

రిజిస్టరు ఉంటే సరిపోదు. దాన్ని ముందు పెట్టుకుని వస్తువు ఎదుట నిలబడి టిక్కు పెట్టాలి. 33 ఏళ్లలో నేను 14 మంది అధిపతుల దగ్గర పనిచేశాను. వాళ్లలో తొమ్మిది మంది ఎఫ్ఏసీలే. పూర్తి లెక్క చూసింది ఒక్కరు, నాలుగేళ్లు ఉన్న ఒకే ఒక్క క్యూరేటరు. నిజాయితీపరుడు, కొంచెం చాదస్తం. అటెండరునీ నన్నూ వెంటబెట్టుకుని, నిచ్చెన, టార్చిలైటు, టేపు పట్టుకుని ఏడు నెలలు తిరిగారు. 41 వస్తువులు కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా వాటిలో 29 దొరికాయి. కొన్ని వెనక షెడ్డులో పాత కుర్చీల కింద, రెండు తలుపు కదలకుండా అడ్డం పెట్టిన రాళ్లుగా. మిగిలిన 12 దొరకలేదు. ఆయన ఉన్నది ఉన్నట్టు పైకి రాశారు. పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. ఆ 12 ఏమయ్యాయో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో, అదీ ఆయన పేరునే. ఆయన ఉద్యోగంలో చేరకముందే పోయినవి ఉండవచ్చు కదా అని ఎవరూ అనుకోలేదు. తరువాతి వేసవిలో బదిలీ. ఆయన స్థానంలో వచ్చినవారు ఆ ఫైలు చదివి, నవ్వి, 'సరిగా ఉన్నవి' అని సంతకం చేసి ఛార్జి తీసుకున్నారు.

మన మ్యూజియాల పరిపాలనలో అసలు జబ్బు ఇదేనని నా అభిప్రాయం. లెక్కపెట్టినవాడికి శిక్ష, లెక్కపెట్టనివాడికి ప్రమోషన్. మాకు బయోమెట్రిక్ యంత్రం పెట్టారు, ఉద్యోగులకు రోజుకు రెండు పూటలా హాజరు. విగ్రహాలకు 33 ఏళ్లలో ఒక్కసారి.

లెక్క చూస్తే పరువు పోతుందన్న భయం ఎక్కడైనా ఉన్నదే. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దాని బృందాలు దేశంలో 1,655 రక్షిత కట్టడాల దగ్గరికి స్వయంగా వెళ్లి చూస్తే 92 కనిపించలేదు. కట్టడాలు, అంటే జేబులో పట్టేవి కూడా కావు. తరువాత వెతికితే చాలావాటి ఆచూకీ తెలిసింది, 24 మాత్రం ఎక్కడున్నాయో తేలలేదని పార్లమెంటుకు చెప్పారు. లెక్కపెట్టబట్టే కదా మిగిలినవి తెలిసింది!

పోనీ ఇది మన దేశపు జాడ్యమే అనుకుందామా? మన అమరావతి శిల్పాలు 1859లో లండన్ చేరాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడైతే భద్రంగా ఉంటాయి, మన దగ్గర ఉంటే ఏమయ్యేవో అనేవారు మా ఆఫీసుకొచ్చే పెద్దమనుషులు. నేనూ చాలాకాలం తల ఊపాను. ఆ మ్యూజియం భాండాగారాల నుంచి దాదాపు 2,000 చిన్న వస్తువులు పోవడమో, చోరీ కావడమో, పాడైపోవడమో జరిగిందని 2023 ఆగస్టులో బయటపడింది. ఎక్కువగా రత్నాలు, నగల ముక్కలు, సరిగా జాబితాకెక్కనివి. మీ వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని ఒక పురావస్తు వ్యాపారి 2021లోనే హెచ్చరించాడు. అంతా సవ్యంగానే ఉందని అప్పుడు జవాబిచ్చారు. మా ఛార్జి కాగితం మీది మాటే, కాకపోతే ఇంగ్లీషులో. డైరెక్టరు రాజీనామా చేశారు. అక్కడా ట్రస్టీల బోర్డు ఉంది, పెద్ద పెద్ద పేర్లున్నాయి. అయినా ఒక మాట చెప్పుకోవాలి. దాదాపు రెండు నెలలకు మొత్తం సేకరణను ఐదేళ్లలో జాబితాకెక్కించి ఆన్‌లైన్‌లో పెడతామని, ఇంకా 24 లక్షల రికార్డులు చేర్చాలి లేదా సరిదిద్దాలని లెక్క చెప్పారు. తప్పు జరిగాక అంకె బయటపెట్టి గడువు పెట్టుకున్నారు. మా 12 వస్తువుల అంకె నాతోపాటు ఇంకో నలుగురికి తెలుసేమో.

జాబితా ఏం చేయగలదో మన చందవరం చెబుతుంది. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న బౌద్ధక్షేత్రం. 1970లలో తవ్వకాలు జరిగాయి, దొరికిన సున్నపురాతి శిల్పాలు అక్కడే ఉంచారు. తరువాత కొన్ని దొంగలపాలయ్యాయి. వాటిలో ఒకటి, బుద్ధుణ్ణి కొలిచే భక్తుల ఫలకం, న్యూయార్కు వ్యాపారి చేతుల మీదుగా 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. దాదాపు ఆరు లక్షల అమెరికన్ డాలర్లు పెట్టి కొన్నారు, పాత యజమాని ఫలానా అని కాగితాలూ చూసుకున్నారు. అదే శిల్పం చందవరంలో ఉన్నప్పటి ఫోటో ఒకటి బయటికి వచ్చాక ఆ కాగితాలు ఎందుకూ కొరగాలేదు. 2016లో తిరిగి ఇచ్చేశారు. ఎవరో ఒక ఉద్యోగి, ఏదో ఒక మామూలు పనిరోజున, ఎండలో నిలబడి తీసిన ఫోటో అయి ఉంటుంది. పోస్టుకార్డంత ఫోటో ఖండాంతరం నుంచి రాయిని మోసుకొచ్చింది. ఫోటో లేని శిల్పాలు ఎవరి డ్రాయింగ్ రూములో ఉన్నాయో!

నాయకత్వం అన్న మాట నేను వెక్కిరించడం లేదు. మన గడ్డ మీదే ఎలాంటి నాయకత్వం చూశామో నాగార్జునకొండకు లాంచీలో వెళ్లే ప్రతివారికీ తెలియాలి. 1926లో ఎ. ఆర్. సరస్వతి గారు ఆ లోయలో శిథిలాలు గుర్తించారు. ఆనకట్ట కడితే లోయ మునుగుతుందని తేలాక 1954లో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టారు. ఆనకట్టకు శంకుస్థాపన 1955 డిసెంబరులో. అంటే పునాదిరాయి పడకముందే పారలు దిగాయి. ఆర్. సుబ్రహ్మణ్యం గారు 1960 దాకా ఆ పని నడిపారు. కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని అనుపులో మళ్లీ నిలబెట్టారు. 1966లో ద్వీపం మీద మ్యూజియం తెరిచారు. నీళ్లు వస్తున్నాయని తెలిసి, గడువు పెట్టుకుని, ఒక మనిషిని ఆరేళ్లు ఒకేచోట ఉండనిచ్చారు. ఆ ఆరేళ్లలో ముగ్గురు ఎఫ్ఏసీలు మారి ఉంటే ఇప్పుడు మనం అనుపులోని రంగస్థలాన్ని నీళ్ల అడుగున వెతుక్కునేవాళ్లం.

సాలార్‌జంగ్ మ్యూజియంలా బోర్డు వేస్తే అన్నీ చక్కబడతాయని కొందరంటారు. దానికి 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసింది. గవర్నరు అధ్యక్షులు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల వారు, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు, సాలార్‌జంగ్ కుటుంబం నుంచి ఒకరు ఉంటారు. కుటుంబానికి ఒక కుర్చీ వేయడం నాకు బాగా నచ్చిన సంగతి, వస్తువులిచ్చిన ఇంటివాళ్లు అడగగలరు. జిల్లా మ్యూజియాలకు అలాంటి చిన్న బోర్డులు ఉంటే మంచిదే. విగ్రహం దొరికిన ఊరి నుంచి ఒక మనిషి, దగ్గరి డిగ్రీ కళాశాల చరిత్ర అధ్యాపకులు ఒకరు. కానీ బోర్డు ముందు ఏ కాగితం పెడతారన్నదే అసలు సంగతి. మాకూ ఒక సలహా సంఘం ఉండేది. నా హయాంలో నాలుగుసార్లు కూర్చుంది. మినిట్స్ నేనే రాశాను. ప్రహరీ రంగు, పార్కింగ్, సౌండ్ అండ్ లైట్ షో, ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలి. నాణేల గది మాట ఒక్కసారీ రాలేదు, ఎందుకంటే అజెండాలో ఎవరూ రాయలేదు. అజెండా టైపు చేసింది కూడా నేనే గనుక ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. టికెట్ల సొమ్ము పైసాతో సహా చలానా కట్టి ట్రెజరీకి పంపేవాళ్లం. తేమ పీల్చే సిలికా జెల్ కొనడానికి మాత్రం పైనుంచి మంజూరు రావాలి. అది వచ్చేలోగా మా అటెండరు చెప్పుల దుకాణం నుంచి డబ్బాల్లో పడేసిన చిన్న పొట్లాలు ఏరి తెచ్చేవాడు. తాళపత్రాల షోకేసులో పెట్టేవాళ్లం. నిజంగానే పనిచేశాయి.

కాబట్టి ముఖ్య అతిథి గారికి, ఆయనలా మాట్లాడే అధికారం ఉన్నవారికి మీ పత్రిక ద్వారా నా మనవి. మ్యూజియం అధిపతి కుర్చీలో ఆ చదువు చదివిన మనిషిని, కనీసం ఐదేళ్లు కదపకుండా కూర్చోబెట్టండి. ఎఫ్ఏసీ తప్పనిసరైతే మూడు నెలలు మించనీయకండి. ఏటా బయటి మనిషిని ఒకరిని వెంటబెట్టుకుని లెక్క చూడాలి, ఎన్ని ఉన్నాయో, ఎన్ని కనిపించలేదో, ఎన్ని పాడయ్యాయో టికెట్ కౌంటరు పక్కన గోడకు అంటించాలి. కనిపించలేదని మొదట చెప్పినవారికి మెమో ఇవ్వకూడదని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఈ చివరిది ఇస్తే తక్కినవి వాటంతటవే నడుస్తాయని నా నమ్మకం. దీనికి ఖర్చు ఒక కాగితం.

ఆ చాదస్తపు క్యూరేటరు గారు ఇప్పుడు లేరు. ఆయన టిక్కు పెట్టిన రిజిస్టర్లలో ఆకుపచ్చ సిరా ఉంటుంది. కొత్తగా వచ్చినవారెవరైనా తెరిస్తే గుర్తుపట్టగలరు.

ఇంకొక్క విషయం. మీరు వేసిన ఫోటోలో పీఠం మీది నంబరు 2311 అని చదువుకునేలా ఉంది. చివరి అంకె పైగీత అరిగిపోయింది. అది 2317, మహిషాసురమర్దిని. 2311 అంటే కొమ్ము విరిగిన నంది, నేను ఉన్నప్పటికి మెట్ల కింద ఉండేది. రేపు ఎవరైనా లెక్కకు వస్తే అమ్మవారిని నంది ఖాతాలో రాసి, నంది ఉందనుకుంటారు. దయచేసి ఎవరైనా ఆ గీత దిద్దించండి. లక్కపూత మర్చిపోవద్దు.

ఇట్లు,
పింఛను తీసుకుంటున్న ఒక మ్యూజియం గుమాస్తా
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)